అక్యుపంక్చర్: ఏ నొప్పికి, ఎంతవరకు?

శరీరం మీద ఎంచుకున్న కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చి, కాసేపు ఉంచి తీసేసే చికిత్స అక్యుపంక్చర్. ఈ సూది ద్వారా మందేమీ లోపలికి పోదు. ఇంజెక్షన్ సూదిలా దీనికి మధ్యలో బోలు ఉండదు. తుప్పు పట్టని ఉక్కుతో చేసిన గట్టి తీగ ఇది. మందం సాధారణంగా 0.16 నుంచి 0.30 మిల్లీమీటర్లు, అంటే మామూలు ఇంజెక్షన్ సూదిలో మూడో వంతు ఉంటుందేమో. చర్మంలోకి దిగేటప్పుడు చిన్న చురుకు తగులుతుంది, చాలామందికి అదీ తెలియదు. సూది కండలోకి చేరి, వైద్యుడు దాన్ని వేళ్ల మధ్య కొద్దిగా తిప్పినప్పుడు బరువుగానో, గుంజినట్టుగానో, తిమ్మిరిగానో అనిపిస్తుంది. చైనా వైద్యులు ఈ అనుభూతిని ‘దెచి’ అంటారు. సూది సరైన చోట పడిందనడానికి వాళ్లకు ఇదే గుర్తు.

ఈ చికిత్సకు వచ్చేవాళ్లలో ఎక్కువమందిని తీసుకొచ్చేది నొప్పే. ఏళ్ల తరబడి వదలని నడుం నొప్పి, మెడ పట్టేయడం, మోకాళ్ల అరుగుదల, పార్శ్వనొప్పి వంటివి. నొప్పి బిళ్లలు మింగి మింగి కడుపు పాడైనవాళ్లు, మూత్రపిండాలకు ప్రమాదమని డాక్టరు బిళ్లలు మానిపించినవాళ్లు ఇంకో దారి కోసం వెతుకుతూ ఇక్కడికి చేరుతుంటారు. అర్ధ శతాబ్దంగా జరిగిన పరీక్షల్ని బట్టి చూస్తే వాళ్ల ఆశ పూర్తిగా అడియాస కాదు. కొన్ని రకాల దీర్ఘకాలపు నొప్పుల్ని ఈ సూది ఓ మోస్తరుగా తగ్గిస్తుంది. అయితే అన్ని రోగాలకూ ఇదే మందనే ప్రచారానికి మాత్రం ఆధారాలు లేవు.

సంప్రదాయ సిద్ధాంతం ప్రకారం శరీరంలో ‘చి’ అనే ప్రాణశక్తి కొన్ని మార్గాల్లో ప్రవహిస్తూ ఉంటుంది. ప్రధాన మార్గాలు పన్నెండు. ఒంటి ముందు, వెనుక నడిమధ్యగా సాగే మరో రెండింటిని కలిపితే పద్నాలుగు. శక్తి ఎక్కడైనా అడ్డుపడితే నొప్పీ రోగమూ పుడతాయని, ఆ దారిలోని బిందువుల్ని సూదితో కదిలిస్తే అడ్డు తొలగుతుందని నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన పట్టికలో ఇలాంటి బిందువులు 361 ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఉన్న ‘హెగు’ తలనొప్పికి, పంటినొప్పికి పేరుపడింది. మోకాలి చిప్ప కింద బయటివైపున్న ‘జూసన్‌లి’ని ఉదర సమస్యలకు, నీరసానికి వాడతారు. మణికట్టు లోపలివైపు, మడతకు కాస్త పైన ఉన్న ‘నెయ్‌గువాన్’ వికారానికి, వాంతులకు. కొలతంతా రోగి చేతితోనే. రోగి బొటనవేలి వెడల్పు ఒక ‘చున్’, నాలుగు వేళ్లు కలిపిన వెడల్పు మూడు ‘చున్’లు. పొడవాటి మనిషికీ పసివాడికీ ఒకే టేపు పనికిరాదన్న ఎరుక ఈ లెక్కలో ఉంది.

చి ప్రవహించే మార్గాలేవీ శవపరీక్షలో గానీ సూక్ష్మదర్శిని కింద గానీ కనిపించలేదు. పటంలో గీసినట్టుగా ఒంట్లో కాలువలు లేవు. బిందువుల సంగతి కొంత వేరు. వాటిలో చాలావరకు నాడులకు దగ్గరగా ఉన్నాయి. నెయ్‌గువాన్ బిందువు సరిగ్గా అరచేతికి వెళ్లే మధ్యనాడి మీదే ఉంటుంది. కొందరు సుశ్రుత సంహితలోని 107 మర్మస్థానాల్ని చూపి అక్యుపంక్చర్ మన దేశంలోనే పుట్టిందంటారు. కానీ సుశ్రుతుడు ఆ స్థానాల్ని చెప్పింది శస్త్రచికిత్సలో కత్తి తగలకుండా కాపాడమని. సూది గుచ్చమని కాదు. రెండింటినీ కలిపేయడం ఉత్సాహమే తప్ప చరిత్ర కాదు.

చైనాలో ఈ విద్య ఎప్పుడు మొదలైందో చెప్పే ఆధారాలు క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దానివి. 1973లో మావాంగ్‌దుయ్ అనే చోట క్రీ.పూ. 168 నాటి సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో శరీర మార్గాల వర్ణన ఉంది, మూలికతో వేడి పెట్టే చికిత్స ఉంది, సూదుల ప్రస్తావన మాత్రం లేదు. ఆ తర్వాత ఓ శతాబ్దంలోపు రూపుదిద్దుకున్న ‘హువాంగ్‌దీ నెయ్‌జింగ్’ అనే వైద్య గ్రంథంలో సూదిచికిత్స పూర్తి పద్ధతిగా కనిపిస్తుంది. క్రీ.పూ. 113లో చనిపోయిన లియు షెంగ్ అనే రాకుమారుడి సమాధిలో బంగారు, వెండి సూదులు దొరికాయి. అంటే ఆ నడుమ కాలంలో ఎక్కడో సూది రాజవైద్యానికి ఎక్కిందన్నమాట. మూలికతో వేడి పెట్టడం నేటికీ సూదికి తోడుగానే సాగుతోంది. ఆ మూలిక మరేదో కాదు, తెలుగువాళ్లు వినాయక చవితి పత్రిపూజలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రి జాతికి చెందినదే. ఎండిన ఆకును దూదిలా చేసి, బిందువుకు దగ్గరగా కాలుస్తారు.

క్రీ.శ. 1027లో సోంగ్ వంశపు ఆస్థాన వైద్యుడు వాంగ్ వెయ్‌యీ నిలువెత్తు కంచు బొమ్మలు రెండు పోయించాడు. వాటి ఒంటి మీద బిందువులున్న ప్రతిచోటా రంధ్రం. పరీక్షనాడు బొమ్మకు పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపేవారు. విద్యార్థి సూది సరైన చోట పడితే నీటిబొట్టు బయటికొచ్చేది, తప్పితే సూది దిగేదే కాదు. వైద్యవిద్యలో ఇంత నిక్కచ్చి పరీక్ష ఆ రోజుల్లో ఇంకెక్కడా ఉండి ఉండదు. జపాన్‌లో పదిహేడో శతాబ్దపు అంధ వైద్యుడు సుగియామా వాయిచి సూదిని చిన్న గొట్టంలో పెట్టి తట్టి దించే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చాడు. కంటిచూపుతో పనిలేకుండా తడిమి చేసేందుకు కుదిరిన ఆ గొట్టాన్నే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు.

ఇంత వైభవం చూసిన విద్య సొంతగడ్డ మీదే పలచబడింది. 1822లో చింగ్ చక్రవర్తి దావోగువాంగ్ దాన్ని రాజవైద్యశాలలో బోధించకుండా ఆపేశాడు. 1929లో పాత వైద్యాన్నే రద్దు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ కాలంలోనే చెంగ్ దాన్‌అన్ అనే వైద్యుడు బిందువుల్ని రక్తనాళాల మీంచి తప్పించి నాడుల దారికి సర్దాడు, ముతక సూదుల బదులు సన్నని సూదులు తెచ్చాడు. ఇవాళ క్లినిక్కుల్లో కనిపించే అక్యుపంక్చర్ చాలావరకు ఆయన దిద్దినదే. కాబట్టి వేల ఏళ్లుగా ఇది మారకుండా వస్తున్నదన్న మాట నిజం కాదు. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక, కోట్ల జనాభాకు చాలినంతమంది డాక్టర్లు లేని పరిస్థితిలో మావో దీనికి మళ్లీ ప్రాణం పోశాడు.

అమెరికాకు ఈ సంగతి తెలిపింది ఒక విలేకరి కడుపునొప్పి. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో (నేటి బీజింగ్) ఉండగా అపెండిసైటిస్ వచ్చింది, తెలుగు పల్లెల్లో ఇరవైనాలుగు గంటల నొప్పి అనేదే. అక్కడి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మర్నాటి రాత్రి కడుపు ఉబ్బి బాధపడుతుంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు గుచ్చి, పొట్టకు దగ్గరగా మూలిక కాల్చారు. గంటలో ఉపశమనం కలిగిందని ఆయన పత్రికలో రాశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్లేసరికి అమెరికాలో సూదివైద్యం పెద్ద చర్చగా మారింది. రెస్టన్‌కు మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారని నేటికీ చెప్పేవాళ్లున్నారు. అది అపోహ. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది.

భారతదేశానికి ఈ విద్య అంతకంటే ముందే చేరింది. జపాన్ దాడికి గురైన చైనాకు సాయంగా 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు బిజయ్ కుమార్ బసు ఉన్నారు. కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూదివైద్యం నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. మన దేశంలో బెంగాల్ ఈ వైద్యానికి తొలి కేంద్రం కావడం వెనుక కథ ఇది.

సూది నొప్పిని ఎలా తగ్గిస్తుందన్నదానికి ఒకే సమాధానం లేదు. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే కాస్త హాయిగా ఉంటుంది. స్పర్శను మోసే నాడులు చురుకైతే వెన్నుపాములో నొప్పి సంకేతానికి దారి ఇరుకవుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. సూది చేసేదీ కొంతవరకు ఇదే. ఇంకొంత మెదడులో జరుగుతుంది. శరీరం తనంతట తాను తయారుచేసుకునే నొప్పినివారిణులు, ఎండార్ఫిన్లు, సూది గుచ్చినప్పుడు విడుదలవుతాయి. వీటి పనిని అడ్డుకునే నలాక్సోన్ మందు ఇస్తే అక్యుపంక్చర్ ప్రభావం తగ్గిపోతున్నట్టు 1970ల మధ్య ప్రయోగాల్లో తేలింది. పెకింగ్‌లో హాన్ జీషెంగ్ సూదులకు సన్నగా కరెంటు పెట్టి దశాబ్దాలపాటు పరిశోధించాడు. సెకనుకు రెండు సార్లు పంపితే ఒక రకం రసాయనాలు, వంద సార్లు పంపితే మరో రకం విడుదలవుతాయని ఆయన చూపాడు. క్లినిక్కుల్లో సూదులకు క్లిప్పులు తగిలించి వాడే ‘ఎలక్ట్రో అక్యుపంక్చర్’ యంత్రాల వెనుక ఉన్నది ఈ విజ్ఞానమే.

సూది గుచ్చిన చోట కూడా ఏదో జరుగుతోంది. సూదిని తిప్పినప్పుడు చర్మం కింది సంధాన కణజాలపు పోగులు కదురుకు నూలు చుట్టుకున్నట్టు దానికి చుట్టుకుంటాయని హెలెన్ లాంజెవిన్ అనే పరిశోధకురాలి బృందం గమనించింది. వైద్యుడి వేళ్లకు సూది పట్టేసినట్టు అనిపించడానికి కారణం అదే. ఆ చుట్టూ ఎడినోసిన్ అనే రసాయనం పెరిగి నొప్పి నాడుల్ని శాంతింపజేస్తుందని 2010లో ఎలుకల మీద జరిగిన ప్రయోగం చూపింది. ఎలుకల్లో కనిపించినదంతా మనుషుల్లోనూ అలాగే ఉండాలని లేదు. ఐనా సూది ఒంట్లో ఏ మార్పూ తేదన్న వాదనకు ఇక చోటు లేదు.

అసలు పేచీ ఇంకోచోట ఉంది. ఒక మందు పనిచేస్తుందో లేదో చూడడానికి చక్కెర బిళ్లతో పోల్చినట్టు, అక్యుపంక్చర్‌ను ‘ఉత్తుత్తి సూది’తో పోలుస్తారు. బిందువు కాని చోట పైపైన గుచ్చడం ఒక పద్ధతి. చర్మాన్ని తాకి, పిడిలోకి వెనక్కి జారిపోయే సూదిని వాడడం ఇంకొకటి. జర్మనీలో 1,162 మంది దీర్ఘకాలపు నడుం నొప్పి రోగులతో జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలలకు అసలు సూదులతో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి సూదులతో 44.2 శాతం మందికి. మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్సతో 27.4 శాతం మందికే. ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అక్యుపంక్చర్ మామూలు చికిత్సను చాలా దూరంలో వదిలేసింది. కానీ ఎక్కడ గుచ్చారన్నది అంత ముఖ్యం కాదని కూడా అదే పరీక్ష చెబుతోంది. సూదివైద్యాన్ని నమ్మేవాళ్లు మొదటి సగాన్ని, కొట్టిపారేసేవాళ్లు రెండో సగాన్ని ఎత్తి చూపుతుంటారు. రెండూ నిజమే.

తర్వాత ఆండ్రూ వికర్స్ అనే పరిశోధకుడి బృందం ఇలాంటి మేలైన పరీక్షల్లోని రోగుల వివరాలన్నీ ఒకచోట చేర్చింది. 2018 నాటికి 39 పరీక్షలు, 20,827 మంది. నడుం, మెడ, భుజం, మోకాలు, తలనొప్పి, అన్నిటిలోనూ అసలు సూది ఉత్తుత్తి సూదికంటే కొంచెం మెరుగనిపించింది. ఏ సూదీ లేకపోవడంతో పోలిస్తే తేడా ఇంకా స్పష్టం. లాభం ఏడాది తర్వాత కూడా చాలావరకు నిలిచింది. పార్శ్వనొప్పి రాకుండా చూసుకోవడంలో ఫలితం బాగుంది. 2016లో కోక్రేన్ సంస్థ 22 పరీక్షల్ని సమీక్షించింది. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే మందు వేసుకున్నవాళ్లలో 17 శాతం మందికి నొప్పి రోజులు సగానికి తగ్గితే, దానికి సూదులు తోడైనవాళ్లలో 41 శాతం మందికి తగ్గాయి. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకు నెయ్‌గువాన్ దగ్గర గుచ్చినా, నొక్కినా వాంతుల మందులకు దీటుగా పనిచేస్తున్నట్టు చాలా పరీక్షల్లో కనిపించింది. ప్రయాణంలో తిరిగే కడుపుకు మణికట్టు పట్టీలు అమ్మేది ఈ బిందువు ఆధారంగానే.

ఒంటి సుఖం, మనసు నెమ్మది, నిద్ర. వీటి మాటకొస్తే కొలత కష్టం. సూదులు పెట్టుకుని పడుకున్నవాళ్లలో చాలామంది కునుకు తీస్తారు, లేచాక తేలికగా ఉందంటారు. హార్వర్డ్ పరిశోధకుడు టెడ్ కాప్చుక్ 2008లో ప్రచురించిన ప్రయోగం దీనికి మంచి వ్యాఖ్యానం. పేగుల అస్తవ్యస్తతతో బాధపడే 262 మందిని మూడు జట్లు చేశారు. ఎవరికీ నిజమైన సూది గుచ్చలేదు. ఒక జట్టుకు ఏ చికిత్సా లేదు, మూడు వారాలకు వాళ్లలో 28 శాతం మందికి ఉపశమనం. రెండో జట్టుకు మాటామంతీ లేకుండా ఉత్తుత్తి సూదులు, 44 శాతం. మూడో జట్టుకు అవే సూదులు, కానీ వైద్యుడు ఎదురుగా కూర్చుని బాధంతా విని, ధైర్యం చెప్పాడు. అక్కడ 62 శాతం. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపించేసే ఓపీ గదులకు అలవాటుపడిన రోగికి, అరగంట తనకోసమే కేటాయించిన మనిషి దొరకడమే సగం చికిత్స. దీన్ని మోసమనడం తొందరపాటు. ఐతే అది సూది గొప్పే అనడమూ సరికాదు.

పనిచేయని చోట్లు కూడా పరీక్షల్లోనే తేలాయి. సంతానం కోసం ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మంది మహిళలతో 2018లో వెలువడిన పరీక్షలో సూదుల వల్ల కాన్పుల సంఖ్య పెరగలేదు. అండాశయాల సమస్య అయిన పీసీఓఎస్ ఉన్న వెయ్యిమంది చైనా మహిళల మీద జరిగిన పరీక్షలోనూ అంతే. సిగరెట్ మాన్పించడంలో నిలకడైన ఫలితం కనిపించలేదు. మధుమేహాన్ని, క్యాన్సర్‌ను, కిడ్నీ జబ్బును నయం చేస్తామనే బోర్డులు ఇంకా ప్రమాదకరం. ఇన్సులిన్ మానేయమని, బీపీ బిళ్ల ఆపేయమని చెప్పే చోటు నుంచి వెంటనే లేచి రావడం మేలు.

దేశాల వైఖరి కూడా ఈ ఫలితాల వెంటే ఊగుతోంది. జర్మనీ 2006లో నడుం నొప్పికి, మోకాళ్ల అరుగుదలకు బీమాలో చేర్చింది. బ్రిటన్ సలహా సంస్థ నైస్ 2009లో నడుం నొప్పికి సిఫారసు చేసి 2016లో వెనక్కి తీసుకుంది. 2021లో కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పికి మళ్లీ పచ్చజెండా ఊపింది. మత్తు కలిగించే నొప్పి మాత్రలకు జనం బానిసలై వేలల్లో చనిపోతున్న అమెరికాలో 2020 జనవరి నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ నడుం నొప్పికి తొంభై రోజుల్లో పన్నెండు సార్ల వరకు సూదివైద్యం ఖర్చు భరిస్తోంది.

ఒక్కసారి గుచ్చితే తగ్గిపోదు. వారానికి ఒకటి రెండు సార్ల చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు మామూలు. ప్రతిసారీ అయిదు నుంచి ఇరవై సూదులు, ఇరవై ముప్ఫై నిమిషాలు. మరీ ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగొచ్చు, కాబట్టి ఏదైనా కాస్త తిని వెళ్లి పడుకుని చేయించుకోవడం మంచిది. సూది తీసినచోట చిన్న రక్తపు చుక్క, కమిలిన మచ్చ, ఆ రోజంతా బడలిక సాధారణం. జర్మనీలో 2,29,230 మంది రోగుల్ని గమనించిన సర్వేలో 8.6 శాతం మందికి ఏదో ఒక చిన్న ఇబ్బంది కలిగింది. ఇద్దరికి ఊపిరితిత్తికి సూది తగిలి గాలి బయటికి చేరింది. సన్నని మనుషుల్లో వీపు పైభాగాన చర్మానికీ ఊపిరితిత్తికీ మధ్య దూరం ఒకటి రెండు సెంటీమీటర్లే. అంటే శరీర నిర్మాణం చదవని చేతిలో ఈ సూది చిన్నది కాదు. సూదుల్ని మళ్లీ మళ్లీ వాడితే హెపటైటిస్ అంటుకునే ప్రమాదం ఉంది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు సూదులు పనికిరావు. పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహ రోగుల కాళ్లకు సూది గానీ, మాచిపత్రి సెగ గానీ పెట్టకపోవడమే క్షేమం.

భారత ప్రభుత్వం 2003లో అక్యుపంక్చర్‌ను చికిత్సా విధానంగా, 2019లో స్వతంత్ర ఆరోగ్య పద్ధతిగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్ 1996లో ప్రత్యేక చట్టం చేసింది, తర్వాత మహారాష్ట్ర ఆ బాట పట్టింది. ప్రకృతి వైద్యంలో అయిదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ డిగ్రీలో అక్యుపంక్చర్ ఒక పాఠ్యాంశం. హైదరాబాద్ బల్కంపేటలోని ప్రభుత్వ గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఈ డిగ్రీని బోధిస్తోంది. మరోవైపు కొద్దివారాల కోర్సు చదివి బోర్డు కట్టేవాళ్లూ ఊరూరా ఉన్నారు. వాళ్లనూ వీళ్లనూ వేరుచేసి చూసుకునే బాధ్యత ప్రస్తుతానికి రోగిదే.

నడుం నొప్పితో పాటు కాళ్లు మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, తలనొప్పి ఉన్నట్టుండి భరించలేనంతగా వచ్చినా, ఛాతీలో నొప్పి అయినా సూదుల జోలికి పోకుండా ముందు ఆసుపత్రికి వెళ్లాలి. పరీక్షలన్నీ అయి, నొప్పికి ప్రమాదకరమైన కారణం లేదని డాక్టరు తేల్చాక అక్యుపంక్చర్ ప్రయత్నించవచ్చు. వెళ్లినప్పుడు వైద్యుడి చదువేమిటో అడగండి, కొత్త సూదుల ప్యాకెట్టు కళ్లముందే చించమనండి, వాడుతున్న మందుల చీటీ చూపండి, వాటిని సొంతంగా ఆపకండి. ఆరు సార్లు చేయించుకున్నా నొప్పిలో మార్పు కనిపించకపోతే అక్కడితో మానేయండి.